తుపాకి కడియం

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి తుపాకితో ఏం పని అని మీరు అడగవచ్చు. మా కాలేజీలోనూ అదే అడిగారు. కిందటేడు కాదు, ఆ ముందటేడు వేసవి మొదట్లో నేను సెలవు చీటీలో "తుపాకి అప్పగించే పని మీద" అని రాసి ఇస్తే, మా ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. "ఏమండీ మాస్టారూ, ఇందులో ఏదైనా శ్లేష ఉందా?" అన్నారు. లేదండీ, నిజం తుపాకే అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు.

మా నాన్న 2023లో పోయాడు. ఆయన పేర ఒక తుపాకి ఉంది. లైసెన్సుదారు పోతే అతని తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు గనక, వారం తిరక్కుండా ఠాణాలో ఒప్పజెప్పాం. అక్కణ్ణుంచి పోలీసువారి కాగితం పుచ్చుకుని, హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక దుకాణానికి చేర్చడం కొడుకుగా నా వంతుకు వచ్చింది.

మా ఊరు పాల్వంచ దాటి బూర్గంపాడు వైపు వెళ్ళే దారిలో, కిన్నెరసానికి దగ్గర్లో ఉంటుంది. మా తాత రోజుల్లో గోదావరికి ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు రాజధానిలోది. 1959లో భద్రాచలం తాలూకా మా ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో జిల్లాలు మళ్ళీ విడదీసినప్పుడు మా ఊరూ భద్రాచలమూ కలిసే కొత్త జిల్లాలోకి పోయాయి. జిల్లాలు ఎన్ని మారినా అడవి పందులు మాత్రం మారలేదు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు వాటికి ఎవరు కబురు పెడతారో గాని, తెల్లారేసరికి చేను చాప చుట్టినట్టు పడుకుని ఉండేది. ఆ బాధ పడలేకే మా తాత తుపాకి కొన్నాడు.

అది నోట్లోంచి మందు పోసి దట్టించే రకం. మా వైపు బర్మారు అంటారు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి జ్ఞాపకాలు చదివినవారికి ఈ మాట కొత్త కాదు. ఊళ్ళో కొందరు గొప్పకు రైఫిలు అనేవారు గాని, అది రైఫిలు కాదు. రైఫిలు గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటాయి. మాది నున్నటి గొట్టం. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపాడుకునే రైతుకు ఇటువంటి తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని ప్రత్యేకంగా రాశారు. మా లైసెన్సు పుస్తకంలోనూ "పంట రక్షణకు" అనే ఉండేది. ఆ మాట చదివినప్పుడల్లా మా తాత మీసం మీద చెయ్యి వేసుకునేవాడట.

దాన్ని నింపడం ఒక చిన్న యజ్ఞం. గొట్టం మూతిలో మందు పొయ్యాలి. కొబ్బరి పీచు ఉండ పెట్టి గజంతో దట్టించాలి. వెనకాల చిన్న ఉక్కు మొన మీద రాగి టోపీ తొడగాలి. గుర్రం వెనక్కి ఎత్తాలి. గుర్రమంటే టోపీ మీద పడే సుత్తి. మీట నొక్కితే గుర్రం టోపీ మీద పడుతుంది, టోపీ పేలుతుంది, నిప్పు లోపలికి పోతుంది. మా నాన్న రవ్వలు పోసేవాడు కాదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పందినైనా అనుమతి లేకుండా చంపడానికి వీల్లేదు. ఉత్త మందూ పీచూ దట్టించి ఆకాశంలోకి పేలిస్తే చాలు, ఆ మోతకు కిన్నెరసాని అవతలికి పోయేవి పందులు.

ఇక కడియం సంగతి. మీట చుట్టూ వంగిన ఇత్తడి పట్టీ ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని మా ఇంట్లో కడియం అనేవాళ్ళం. అసలు పేరు ఏమిటో నేను ఏ నిఘంటువులోనూ వెతకలేదు, కడియమే నాకు బాగుంది. మీట చేతి కడియంలో వేలాడే మువ్వలా ఉండేది. మన దేశపు పాత తోడాదారు తుపాకులకు సాధారణంగా ఈ కడియమే ఉండదు. సాలార్జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో నిలబడి చూడండి, మీట పాపం దిక్కులేకుండా కింద వేలాడుతుంది. ఎందుకంటే తోడాదారు పేలాలంటే మండుతున్న వత్తి ఉండాలి. వత్తి ముట్టించనంతసేపూ మీట ఎవరు లాగినా ఏమీ కాదు. టోపీ తుపాకి అలా కాదు, అది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఆ పేలే మందును తుపాకికి మొదట వాడుకలోకి తెచ్చినవాడు ఫోర్సిత్ అని స్కాట్లండులో ఒక పాదిరి. చెకుముకి రాయి తుపాకి మెరుపు చూసి పక్షులు ముందే ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీలు ఆ తరవాత వచ్చాయి. పక్షుల కోసం చేసింది పందుల దాకా వచ్చింది.

మా తాత పోయాక తుపాకి నాన్న చేతికి వచ్చింది. ఇక్కడే చిక్కు వచ్చింది. నాన్న కుడిచేతి చూపుడు వేలు గడ్డి కోసే మిషనులో పడి నలిగిపోయింది. వేలు మిగిలింది గాని కణుపు దగ్గర ఉసిరికాయంత బుడిపె కట్టి, వంగడం మానేసింది. అది కడియంలో పట్టేది కాదు. నడిమి వేలు దూర్చేవాడు. చలికాలం మంచె మీద చేతులు కొంకర్లు పోయినప్పుడు అదీ సరిగ్గా ఆడేది కాదు. ఒక రాత్రి గుర్రం ఎత్తి, వేలు దూర్చలేక, మళ్ళీ దింపలేక, తెల్లవార్లూ తుపాకి అలాగే పట్టుకు కూచున్నాడట. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పి నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

అది 1991. నాకు పదకొండేళ్ళు. నాన్న పొద్దున్నే తుపాకిని గోనెలో చుట్టి నా భుజాన పెట్టాడు. "కమ్మరి మావ దగ్గరికి పో. కడియం ఊడదీసి వెడల్పుగా ఇంకోటి వెయ్యమన్నానని చెప్పు. మీట కాస్త ముందుకు వంచమను. అంతే" అన్నాడు. తుపాకి మరమ్మతు చెయ్యాలన్నా, మార్పు చెయ్యాలన్నా దానికి వేరే లైసెన్సు ఉండాలని చట్టం. ఊరి కమ్మరి కొలిమిలో అది చెయ్యకూడదు. ఆ సంగతి నాన్నకు తెలుసో తెలియదో నేను అడగలేదు. నాగలి కర్రు వంగితే కమ్మరి దగ్గరికి పోతాం, తుపాకి కడియమూ ఇనుమే కదా అనుకుని ఉంటాడు.

దారిలో నా ఆలోచన నాకుంది. అంతకు ముందు పండక్కి వచ్చిన మా మేనత్త కొడుకు, ఉత్త తుపాకి పట్టుకుని, మీట టక్కున నొక్కి చూపించాడు. నేను రెండు వేళ్ళు పెట్టి గుంజినా అది కదల్లేదు. "నీకు తుపాకెందుకురా, పిడకలు కొట్టుకో" అన్నాడు. ఆడపిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

కమ్మరి మావ తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమన్నాడు మీ నాయన?" అన్నాడు. నేను చెప్పాను. చెప్పి, చివర ఒక మాట కలిపాను.

"మీట మెత్తగా కూడా చెయ్యమన్నాడు."

"మెత్తగానా? మీ నాయనే అన్నాడా?"

"ఆఁ."

ఆ ఒక్క మాట. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు విభక్తులూ సమాసాలూ చెబుతున్నాను, ఒక ప్రత్యయం మారితే అర్థం ఎలా మారిపోతుందో బోర్డు మీద రాసి చూపిస్తున్నాను. ఆ రోజు నేను కలిపింది ప్రత్యయం కాదు, నిండు మాట. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. నాన్న మరిచిపోయి ఉంటాడు, నేను గుర్తు చేస్తున్నాను అన్నట్టు ఉంది నాకు.

మావ పాత బొక్కెన కమ్మి కాల్చి, సాగగొట్టి, పెద్ద వంపు తీశాడు. నాన్న పిడికిలి సగం పట్టేటంత కడియం వేశాడు. మీట ముందుకు వంచాడు. తరవాత పక్క మరలు విప్పి, లోపలి కొక్కెం బయటికి తీసి, వెలుగుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు, కింద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. ఆకురాయి చప్పుడు పెద్దగా ఏమీ లేదు, ఎలుక గోడ గీరినట్టు. పాత ఇత్తడి కడియం కాగితంలో చుట్టి నా జేబులో పెట్టి, "ఇది మీ అమ్మకియ్యి" అన్నాడు.

సాయంత్రం నాన్న మీట నొక్కి చూసుకుని, "ఓరి వీడి పనితనం! వెన్నలా ఉందే!" అన్నాడు. నేను కూడా ఒంటి వేలితో నొక్కాను. కదిలింది. ఇంతకన్నా సంతోషం నాకు మళ్ళీ ఎం.ఏ. పాసయినప్పుడు గాని కలగలేదు.

నెల తిరగలేదు. మార్గశిరంలో ఒక రాత్రి నాన్నా, చేనుకు కాపలా ఉండే తాతా మంచె మీద ఉన్నారు. తాత కోయవాడు. నాకు ఈత నేర్పిందీ, ఏ చెట్టు కింద పాముంటుందో చెప్పిందీ ఆయనే. తెల్లవారుజామున తాత ముందు దిగాడు. పైనుంచి నాన్న తుపాకి అందించాడు. టోపీ తీసెయ్యలేదు. గుర్రం సగమే ఎత్తి ఉంది. గుర్రం సగంలో ఉంటే మీట నొక్కినా పడకూడదు, దాని మర్యాద అది. మంచె నిచ్చెన వెదురుది. వెదురు కణుపు దగ్గర కొట్టేసిన కొమ్మ మొదలు రెండు వేళ్ళంత పొడుచుకుని ఉంది. ఇత్తడి కడియమైతే అందులో చిటికెన వేలు పట్టడమే కష్టం. కొత్త కడియంలో ఆ మోడు హాయిగా దూరింది.

మోత మాకు ఇంట్లోకి వినిపించింది. పందుల మీద అనుకున్నాం.

రవ్వలు పోసి ఉంటే కాలే పోయేది. ఉత్త మందూ పీచే గాని, మూర దూరంలో ఆ రెండూ తక్కువవి కావు. తాత ఎడమ పాదం ముందు భాగం కాలి చీలిపోయింది. నాన్న ఆయన్ని భుజాన వేసుకుని బండి దాకా, బండిలో రోడ్డు దాకా తెచ్చాడు. సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు లారీ ఒకటి ఆపి, ఆ వెదురు మీదనే పడుకోబెట్టుకుని, గోదావరి వంతెన దాటి భద్రాచలం ఆస్పత్రిలో చేర్చాడు. రెండు వేళ్ళు తీసేశారు. పోలీసులు అడిగితే నాన్న "నా చెయ్యి జారింది" అన్నాడు. తాత కూడా అదే చెప్పాడు. కమ్మరి పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఇంట్లో జొన్నల బస్తాల వెనక కూచుని, ఎవరైనా వచ్చి అడుగుతారని మూడు రోజులు ఎదురు చూశాను. ఎవరూ అడగలేదు. అడగకపోవడంతో అది నా లోపలే ఉండిపోయింది.

తుపాకి కొన్నాళ్ళు ఠాణాలో ఉండి ఇంటికి తిరిగి వచ్చింది. నాన్న దాన్ని మళ్ళీ నింపలేదు. మంచె మీదికి ఖాళీ కిరసనాయిలు డబ్బా పట్టుకుపోయి వాయించేవాడు. తుపాకి మాత్రం నడవాలో గోడకు వేలాడింది. లైసెన్సు గడువు తీరినప్పుడల్లా బత్తాయిలు కొన్నంత శ్రద్ధగా వెళ్ళి పునరుద్ధరించుకునేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో పెట్టమంటారు కదా, పంచాయతీ ఎన్నికలనీ, అసెంబ్లీ అనీ, పార్లమెంటు అనీ మా తుపాకి దుప్పటి కప్పుకుని బస్సెక్కి వెళ్ళి, రసీదు పుచ్చుకుని తిరిగి వచ్చేది. అది అడవికి వెళ్ళినదానికంటే ఠాణాకు వెళ్ళిందే ఎక్కువ. ఏటా దసరాకు ఆయుధ పూజలో నాన్న దాన్ని కడిగి పీట మీద పెట్టి, నన్ను పిలిచి, "కడియానికి బొట్టు పెట్టరా" అనేవాడు. గొట్టానికి ఆయన పెట్టేవాడు, కడియానికి నేను. ఎందుకో ఆలోచించలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే మొదలయింది. నాన్న నా చేత నోటి కబురు పంపడం మానేశాడు. కోమటి కొట్టుకు పంపినా, పొరుగూరు పంపినా, ఒక చీటీ ముక్క మీద రాసి మడిచి ఇచ్చేవాడు. "అర్ధసేరు బెల్లం" అన్నదానికి కూడా చీటీయే. నాకు చదువు మీద ధ్యాస కలగాలని అలా చేస్తున్నాడని అమ్మ అనేది. నేనూ అదే అనుకున్నాను. దారిలో ఆ చీటీలు విప్పి చదువుకునేవాణ్ణి. నాన్న అక్షరాలు గుండ్రంగా, జొన్నగింజల్లా ఉండేవి.

హైదరాబాదు దుకాణంలో మరమ్మతులు చేసే ముసలాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటున్నారు. తుపాకి ఒళ్ళో పడుకోబెట్టుకుని, బొక్కెన కమ్మి కడియం చూసి నవ్వాడు. అమ్మ బొట్టుపెట్టె అడుగున ముప్ఫయ్యేళ్ళు ఉన్న పాత ఇత్తడిది నేను జేబులోంచి తీసి పక్కన పెట్టాను. ఆయన నవ్వు ఆపి రెండూ పోల్చి చూశాడు. "వేలు పట్టాలని ఇంత పెద్దది చేశారా? ఇది వేలు పెట్టడానికి కాదు సారూ. వేరే ఏదీ పెట్టకుండా ఉండడానికి" అన్నాడు. మీటను ఆయన లబ్‌లబీ అంటాడు. పలికితే మీట కదిలినట్టే ఉంది ఆ మాట.

మరలు విప్పి కొక్కెం బయటికి తీశాడు. భూతద్దం పెట్టి చూశాడు. "దీని ముక్కు అరగదీశారు. వాడకంలో అరిగింది కాదు, ఆకురాయి గీతలు కనబడుతున్నాయి. పూర్తిగా ఎత్తినా అంచు మీదే నిలబడుతుంది, సగం ఎత్తినా అంతే. తుమ్మినా పడుతుంది. ఎవరు చేయమన్నారు ఇది?"

ముప్ఫై మూడేళ్ళకు అడిగారు. బస్తాల వెనక కూచున్నప్పుడు తయారు చేసి పెట్టుకున్న జవాబు ఒకటి ఉండేది, అది గుర్తు రాలేదు. "నేనే" అన్నాను. ఆయన తల ఎత్తి నా వయసు చూశాడు, తుపాకి వయసు చూశాడు, ఏమీ అనలేదు. కొక్కెం మొత్తం మార్చాలి, దీన్ని సరిచెయ్యడం ఉండదు అన్నాడు. నా పేరుకు లైసెన్సు అడగాలో, అక్కడే అమ్మకానికి వదిలెయ్యాలో నేను ఇంకా తేల్చుకోలేదు. రసీదు తీసుకుని వచ్చేశాను. ఇత్తడి కడియం మాత్రం మళ్ళీ జేబులో వేసుకున్నాను.

ఆ ఆదివారమే ఊరు వెళ్ళాను. తాతకు ఎనభై దాటాయి. ఇప్పచెట్టు కింద మంచం వేసుకుని, రాలిన పువ్వులు చాటలోకి ఏరుతున్నాడు. ఎడమ పాదం అదే పాదం. నేను నేల మీద కూచుని, కొలిమి దగ్గర నేను కలిపిన మాట దగ్గర్నుంచి ఉస్తాదు భూతద్దం దాకా చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలు పెట్టలేనని భయం.

తాత పువ్వులు ఏరడం ఆపలేదు.

"తెలుసులే అబ్బాయీ" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కమ్మరోడు ఆస్పత్రికి వచ్చాడు. నా మంచం పట్టుకుని ఏడ్చాడు. మెత్తగా చెయ్యమని కుర్రోడు చెప్పాడు, దొర మాటే అనుకుని చేశాను తాతా అన్నాడు."

"నాన్నకు చెప్పావా?"

"చెప్పేదేంది? దొర ఆ పక్కనే కూచుని ఉన్నాడు. అంతా విన్నాడు."

గొంతు పెగుల్చుకుని, "ఏమన్నాడు?" అన్నాను.

"చానాసేపు ఏమనలా. తరవాత, నోటి మాట పంపాను, తప్పు నాదే అన్నాడు. పిల్లోణ్ణి ఎవరూ ఏమనొద్దన్నాడు. మేం ఏమన్నాం?"

చీటీలు గుర్తొచ్చాయి. అర్ధసేరు బెల్లం.

చాట నిండింది. తాత మంచం పట్టె పట్టుకుని లేచి, కుంటుకుంటూ గుడిసెలోకి పోయి, ఇప్పపువ్వు ఎండబోసిన గంప చూపించాడు. ఎండ దిగుతోంది. నేను బస్సుకు బయల్దేరుతుంటే వెనక్కి పిలిచాడు.

"మీ అమ్మకు చెప్పు. ఇప్పపువ్వు ఎండబెట్టి ఉంచాను, కావాలంటే మనిషిని పంపమను. మోకాళ్ళ నొప్పులు ఎట్టా ఉన్నాయో అడిగానని చెప్పు" అన్నాడు. నేను తల ఊపి రెండు అడుగులు వేశాను. మళ్ళీ పిలిచాడు. ముఖం నిండా నవ్వుతున్నాడు.

"రాసియ్యడానికి నాకు అచ్చరం ముక్క రాదు. అంతే చెప్పు. నువ్వేం కలపమాక" అన్నాడు.